ఐబుప్రొఫెన్ మాత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒళ్లు నొప్పులకో, పంటి నొప్పికో, జ్వరానికో చీటీ లేకుండానే కొని వేసుకునే మాత్రల్లో ఐబుప్రొఫెన్ ఒకటి. బ్రూఫెన్, న్యూరోఫెన్, ఆడ్విల్, మోట్రిన్ పేర్లతో దొరికేది ఇదే మందు. దీని గురించి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి అన్నిటినీ ఒకచోట పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. మీ డాక్టర్ మీకంటూ వేరే మోతాదు రాసి ఉంటే ఇక్కడి అంకెలను కాదు, ఆ చీటీని పాటించండి.

## వేసుకునే ముందు

నొప్పి ఎక్కడుందో ఈ మాత్రకు ఎలా తెలుస్తుంది?

తెలియదు. మింగిన మందు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. దెబ్బ తగిలినచోట, వాచినచోట కణాలు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను తయారుచేస్తాయి. నరాలు చిన్న తాకిడికే సలిపేలా చేసేవి, ఆ చోటు ఎర్రబడి వాచేలా చేసేవి, మెదడుకు చేరి జ్వరం తెప్పించేవి అవే. వాటిని తయారుచేసే కాక్స్ అనే ఎంజైమ్‌ను ఐబుప్రొఫెన్ కొన్ని గంటలపాటు అడ్డుకుంటుంది.

చిక్కల్లా ఏమిటంటే, జీర్ణాశయం లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడేవీ, ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలకు రక్తం అందేలా చూసేవీ కూడా ప్రోస్టాగ్లాండిన్లే. వాటిలో మంచివేవో చెడ్డవేవో మాత్ర చూసుకోదు. నొప్పి తగ్గడానికీ, పుండు పడడానికీ కారణం ఒకటే. 1969లో బ్రిటన్‌లో ఈ మందు అమ్మకానికి వచ్చేనాటికి ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఆస్పిరిన్ లాంటి మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతాయని బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో చూపించాడు. ఆ పరిశోధనలకు 1982లో ఆయన నోబెల్ బహుమతి పంచుకున్నాడు.

ఏ నొప్పులకు బాగా పనిచేస్తుంది? వేటికి పనిచేయదు?

వాపుతో కూడిన నొప్పి దీని సొంత ఇలాకా. పంటి నొప్పి, పన్ను తీయించుకున్న తర్వాతి నొప్పి, బెణుకు, కండరాలు పట్టేయడం, కీళ్లవాపు, నెలసరి నొప్పి, మామూలు తలనొప్పి, మైగ్రేన్, జ్వరం వీటన్నిటికీ పనిచేస్తుంది.

నరం నొక్కుకుపోయి కాలి చివరిదాకా కరెంటు కొట్టినట్టు లాగే నొప్పికి, షుగర్ వల్ల పాదాల్లో వచ్చే మంటలకు దీనితో పెద్దగా ప్రయోజనం ఉండదు. వాటికి వేరే తరహా మందులున్నాయి. ఇక ఎసిడిటీ వల్ల వచ్చే కడుపు నొప్పికి దీన్ని వేసుకుంటే ఉన్న బాధ పెరుగుతుంది.

పారాసిటమాల్‌కూ దీనికీ తేడా ఏమిటి? ముందు ఏది వేసుకోవాలి?

రెండూ నొప్పినీ జ్వరాన్నీ తగ్గిస్తాయి. వాపును తగ్గించేది ఐబుప్రొఫెన్ మాత్రమే. పారాసిటమాల్ కడుపును, కిడ్నీలను అంతగా ఇబ్బంది పెట్టదు. అయితే మోతాదు మించితే కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఐబుప్రొఫెన్‌తో భయం కడుపుకు, కిడ్నీలకు, గుండెకు.

ఒట్టి జ్వరానికి, మామూలు ఒళ్లునొప్పులకు ముందు పారాసిటమాల్‌తో మొదలుపెట్టడమే మేలు. పంటి నొప్పి, నెలసరి నొప్పి, బెణుకు లాంటి వాటికి, మీకు అడ్డొచ్చే జబ్బులేవీ లేకపోతే, ఐబుప్రొఫెన్‌తో ఎక్కువ ఊరట దొరుకుతుంది.

జ్వరం ఎందుకొచ్చిందో ఇంకా తెలియదు. ఐబుప్రొఫెన్ వేసుకోవచ్చా?

డెంగీ తిరుగుతున్న ప్రాంతంలో, ఆ రోజుల్లో అయితే వద్దు. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, రక్తనాళాల నుంచి ద్రవం బయటికి ఊరుతుంది, రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంటుంది. ఐబుప్రొఫెన్ ప్లేట్‌లెట్ల పనిని మందగింపజేస్తుంది, పైగా జీర్ణాశయం పొరను బలహీనపరుస్తుంది. ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, నాప్రాక్సెన్, మెఫెనమిక్ ఆసిడ్‌లకూ ఇదే మాట. డెంగీ కాదని డాక్టర్ తేల్చేదాకా పారాసిటమాల్, సరిపడా నీళ్లు, ఓఆర్‌ఎస్ అంతే. జ్వరం త్వరగా దిగాలని కొందరు మెఫెనమిక్ ఆసిడ్ సిరప్ పట్టిస్తుంటారు. అదీ ఈ కుటుంబం మందేనని చాలామందికి తెలియదు.

నాకు గ్యాస్ట్రిక్ ఉంది. వేసుకోకూడదా?

తిన్నాక త్రేన్పులు, అప్పుడప్పుడూ మంట ఉన్నవాళ్లు ఒకటి రెండు రోజులు తక్కువ మోతాదులో వాడితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. గతంలో కడుపులో పుండు పడినా, రక్తం కక్కినా, మలం నల్లగా పోయినా మాత్రం సొంతంగా వేసుకోకండి. ఒకసారి పుండు పడినవారికి మళ్లీ పడే ప్రమాదం చాలా ఎక్కువ. అరవై ఐదేళ్లు దాటినవారు, స్టెరాయిడ్ మాత్రలు వాడేవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు, కడుపులో హెచ్ పైలోరీ బ్యాక్టీరియా ఉన్నవారు కూడా ఆ జాబితాలోకే వస్తారు. వీళ్లకు తప్పనిసరిగా ఇవ్వాల్సి వస్తే డాక్టర్లు ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటి ఆమ్లం తగ్గించే మందును జతచేస్తారు.

బీపీ మాత్రలు రోజూ వేసుకుంటాను. పర్వాలేదా?

ఒక్క మాత్రతో ముప్పేమీ రాదు కానీ రోజుల తరబడి వాడితే రెండు సమస్యలు వస్తాయి. మొదటిది, ఐబుప్రొఫెన్ ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలవ ఉంచుతుంది. దాంతో బీపీ కొంత పెరుగుతుంది, మీరు వేసుకునే మాత్ర పట్టు తగ్గుతుంది. బీపీ ఉన్నట్టుండి అదుపు తప్పిందని మందు మార్పించుకునే ముందు, ఆ వారంలో నొప్పి మాత్రలు ఎన్ని మింగారో లెక్క చూసుకోండి.

రెండోది కిడ్నీల సంగతి, ఇది మరింత ముఖ్యం. రామిప్రిల్, ఎనలాప్రిల్, టెల్మిసార్టన్, లోసార్టన్ లాంటివి కిడ్నీలోని వడపోత గుత్తి నుంచి రక్తం బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తాయి. ఐబుప్రొఫెన్ లోపలికి వచ్చే నాళాన్ని బిగిస్తుంది. ఫ్యూరోసెమైడ్, హైడ్రోక్లోరోథయాజైడ్ లాంటి మూత్రం ఎక్కువగా పోయించే మందు ఒంట్లో నీటినే తగ్గిస్తుంది. మూడూ కలిస్తే వడపోతకు కావలసిన ఒత్తిడే ఉండదు. అలాంటి సమయంలో వాంతులో విరేచనాలో పట్టుకుంటే కొద్ది రోజుల్లోనే కిడ్నీలు దెబ్బతినవచ్చు. టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిపిన ఒకే బిళ్ల వేసుకునేవారు తాము రెండు మందులు వాడుతున్నామని గమనించరు. స్ట్రిప్ మీద పేర్లు చదవండి.

గుండె కోసం రోజూ చిన్న ఆస్పిరిన్ వేసుకుంటాను. రెండూ కలిపితే ఏమవుతుంది?

ఆస్పిరిన్ చేయాల్సిన పని జరగకపోవచ్చు. రక్తం గడ్డకట్టకుండా ఉండడానికి ఆస్పిరిన్ ప్లేట్‌లెట్‌లోని కాక్స్ ఎంజైమ్‌కు శాశ్వతంగా అతుక్కోవాలి. ఐబుప్రొఫెన్ అదే చోట ముందుగా కూర్చుంటే ఆస్పిరిన్‌కు దారి దొరకదు. ఆస్పిరిన్ రక్తంలో ఎక్కువసేపు ఉండదు కాబట్టి, ఐబుప్రొఫెన్ లేచి వెళ్లేసరికి అదీ వెళ్లిపోయి ఉంటుంది.

ఎప్పుడో ఒకసారి తప్పదనుకుంటే మామూలు ఆస్పిరిన్ ముందు వేసుకుని, కనీసం అరగంట ఆగి ఐబుప్రొఫెన్ వేసుకోవాలి. ఐబుప్రొఫెన్ ముందు వేసుకున్నట్టయితే ఆస్పిరిన్‌కు 8 గంటలు ఆగాలి. పేగులోకి వెళ్లాకే కరిగేలా పూత పూసిన ఆస్పిరిన్‌కు ఈ లెక్క నమ్మదగినది కాదు, ఎందుకంటే అది ఎప్పుడు కరుగుతుందో చెప్పలేం. స్టెంట్ వేయించుకున్నవాళ్లు, గుండెపోటు వచ్చినవాళ్లు ఈ గడియారం గొడవ పెట్టుకోకుండా పారాసిటమాల్ వైపు వెళ్లడమే తెలివైన పని.

ఆస్తమా ఉంది. భయపడాలా?

ఆస్తమా ఉన్నవారిలో కొంతమందికే ఇది పడదు. ఆస్పిరిన్‌తో గానీ ఏదైనా వాపు తగ్గించే నొప్పి మాత్రతో గానీ గతంలో ఆయాసం, ముక్కు దిబ్బడ, దద్దుర్లు వచ్చినవాళ్లు ఐబుప్రొఫెన్ అసలు ముట్టుకోకూడదు. ముక్కులో పాలిప్స్ (లోపల పెరిగే మెత్తటి కండ) ఉన్న ఆస్తమా రోగులకు ఈ ప్రమాదం ఎక్కువ. ఇంతకుముందు చాలాసార్లు వేసుకున్నా ఏమీ కాలేదంటే ఆ గుంపులో లేరనే అనుకోవచ్చు. కానీ ఈ సమస్య పెద్ద వయసులో కొత్తగా కూడా మొదలవుతుంది.

ఇంకా ఏయే మందులతో కలపకూడదు?

వార్ఫరిన్, అపిక్సబాన్, క్లోపిడోగ్రెల్ లాంటివాటితో కలిస్తే రక్తస్రావం భయం. సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ లాంటి డిప్రెషన్ మందులతో కూడా జీర్ణాశయంలో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. దీన్ని చాలామంది పట్టించుకోరు. లిథియం, మెథోట్రెక్సేట్ వాడేవారిలో అవి ఒంట్లోంచి బయటికి పోవడం తగ్గి విషమయ్యే స్థాయికి చేరవచ్చు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రాక్సెన్, ఎటోరికాక్సిబ్ ఇదే కుటుంబం. వాటిలో ఏదైనా వాడుతూ దీన్ని కలిపితే ఊరట రెట్టింపు కాదు, హాని మాత్రం పెరుగుతుంది.

## వేసుకునేటప్పుడు

పెద్దవాళ్లు ఒకసారికి ఎంత వేసుకోవాలి? రోజుకు ఎన్ని?

ఒకసారికి 200 నుంచి 400 మి.గ్రా. రెండు మోతాదుల మధ్య 6 నుంచి 8 గంటల ఎడం. డాక్టర్ సలహా లేకుండా వాడేటప్పుడు 24 గంటల్లో 1200 మి.గ్రా. దాటకూడదు. అంటే 400 మి.గ్రా. మాత్రలు మూడు. కీళ్లవాతం లాంటి జబ్బులకు డాక్టర్లు ఇంతకంటే ఎక్కువ రాస్తారు, కానీ అప్పుడు రక్తపరీక్షలు చేయిస్తూ గమనిస్తుంటారు.

200తో పని జరిగితే 400 ఎందుకు? ముందు చిన్న మోతాదుతో చూడండి.

400తో తగ్గలేదు. ఒకేసారి రెండు వేసుకోనా?

వద్దు. నొప్పి వరకైతే ఒక మోతాదులో 400 మి.గ్రా. దగ్గరే దాదాపు పైకప్పు తగిలిపోతుంది. 800 వేసుకుంటే ఊరట ఇంకొంచెం కూడా పెరగకపోవచ్చు, దుష్ఫలితాలకు మాత్రం అలాంటి పైకప్పు లేదు. 400తో లొంగని నొప్పికి పారాసిటమాల్ జతచేయడం మెరుగైన మార్గం. అప్పటికీ లొంగకపోతే కారణమేంటో చూపించుకోవాలి. పంటి మూలంలో చీము పట్టి ఉంటే ఎన్ని మాత్రలు మింగినా అది పోదు.

పరగడుపున వేసుకోవచ్చా?

ఏదైనా తిన్నాక, గ్లాసు నిండా నీళ్లతో వేసుకోవడం మంచిది. కడుపులో తిప్పడం, మంట తగ్గుతాయి. పరగడుపున వేసుకుంటే కాస్త త్వరగా పనిచేస్తుంది, అందుకని తీవ్రమైన నొప్పిలో ఒకసారి అలా వేసుకున్నా ఆరోగ్యవంతులకు ఏమీ కాదు.

ఇక్కడ ఒక అపోహ ఉంది. తిన్నాక వేసుకుంటే పుండు పడదని అనుకుంటారు. మాత్ర నేరుగా తగిలి రేపే మంట తగ్గుతుందన్న మాట నిజమే. పుండుకు ముఖ్య కారణం మాత్రం రక్తంలోంచి జరిగే పని. అందుకే ఈ కుటుంబం మందులు ఇంజెక్షన్‌గా ఇచ్చినా పుండు పడవచ్చు. అన్నం తిని వేసుకున్నాం కదా అని నెలల తరబడి వాడేవాళ్లే చివరికి ఇబ్బంది పడతారు.

ఎంతసేపటికి తగ్గుతుంది?

అరగంట నుంచి గంటలో తేడా తెలుస్తుంది. రక్తంలో మందు 1 నుంచి 2 గంటల్లో గరిష్ఠానికి చేరుతుంది, ఊరట 4 నుంచి 6 గంటలు ఉంటుంది. ఇరవై నిమిషాలకే తగ్గలేదని మరో మాత్ర వేసుకోవడం మామూలుగా జరిగే తప్పు. కీళ్ల వాపు తగ్గడానికి మాత్రం గంటలు కాదు, క్రమం తప్పకుండా వాడితే వారం రెండు వారాలు పట్టవచ్చు.

పారాసిటమాల్‌తో కలిపి వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు. రెండూ వేర్వేరు దారుల్లో పనిచేస్తాయి, ఒకదాని పనికి ఇంకోటి అడ్డురాదు. పంటి నొప్పికి, చిన్న ఆపరేషన్ల తర్వాతి నొప్పికి ఈ జత చాలా బాగా పనిచేస్తుంది. లెక్కలు మాత్రం విడివిడిగా పెట్టుకోండి. సొంతంగా వాడేటప్పుడు ఐబుప్రొఫెన్ రోజుకు 1200 మి.గ్రా., పారాసిటమాల్ 4000 మి.గ్రా. దాటకూడదు. బరువు తక్కువున్నవారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి పారాసిటమాల్ పరిమితి ఇంకా తక్కువ.

రెండూ కలిపిన బిళ్లలు, జలుబు మాత్రలు వాడేటప్పుడే లెక్క తప్పుతుంది. జలుబుకు ఒకటి, తలనొప్పికి ఒకటి, జ్వరానికి ఇంకోటి వేసుకుంటే మూడింట్లోనూ పారాసిటమాల్ ఉండవచ్చు. మందు అసలు పేరు బ్రాండు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. చదవాల్సింది దాన్నే.

ఒక పూట మరిచిపోతే?

నొప్పి ఉంటే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, అక్కడి నుంచి మళ్లీ ఎడం లెక్కపెట్టండి. నొప్పి లేకపోతే వదిలేయండి. మరిచిపోయిన దానికి బదులుగా రెండు వేసుకోకూడదు.

మాత్ర నలిపి వేసుకోవచ్చా?

మెల్లమెల్లగా విడుదలయ్యేలా తయారుచేసిన మాత్రను నలిపితే రోజంతా రావాల్సిన మందు ఒక్కసారే వచ్చేస్తుంది, కాబట్టి అది కూడదు. మామూలు మాత్ర నలిపితే గొంతు మండుతుంది. మింగలేనివాళ్లకు సిరప్ మేలు.

మద్యం తాగిన రోజు వేసుకుంటే ఏమవుతుంది?

మద్యం కూడా జీర్ణాశయం పొరను రేపుతుంది, ఒంట్లో నీటిని తగ్గిస్తుంది. కొద్దిగా తాగినప్పుడు ఒక మాత్ర వేసుకుంటే ఆరోగ్యవంతులకు సాధారణంగా ఏమీ కాదు. ఎక్కువ తాగినప్పుడు, రోజూ తాగే అలవాటు ఉన్నప్పుడు రక్తస్రావం ప్రమాదం గణనీయంగా పెరుగుతుంది. తెల్లారి తలనొప్పికి మాత్ర వేసుకోవాలనుకుంటే ముందు నీళ్లు బాగా తాగి, ఏదైనా తినండి.

పరుగు పందెం, ఆట ముందు నొప్పి రాకుండా వేసుకుంటారట. మంచిదేనా?

కాదు. గంటల తరబడి పరిగెత్తేటప్పుడు చెమటతో నీరు పోతుంది, రక్తం కండరాల వైపు మళ్లుతుంది. అప్పటికే కిడ్నీలకు రక్తం తక్కువగా అందుతుంటుంది. ఆ సమయంలో వాటికి దన్నుగా ఉండేవి ప్రోస్టాగ్లాండిన్లే, మాత్ర సరిగ్గా వాటినే ఆపేస్తుంది. పైగా నొప్పి తెలియకపోతే గాయం ముదిరేదాకా ఆడుతూనే ఉంటారు.

జెల్ రాసుకుంటే సరిపోదా?

మోకాలు, మణికట్టు, చీలమండ లాంటి చర్మానికి దగ్గరగా ఉండే కీళ్లకు, బెణుకులకు చాలాసార్లు సరిపోతుంది. రక్తంలోకి చేరే మందు మాత్రతో పోలిస్తే చాలా తక్కువ కాబట్టి పెద్ద వయసువారికి ముందు ఇదే ప్రయత్నించాలి. తుంటి, నడుం లోతుల్లోని నొప్పిదాకా జెల్ చేరదు. పుండు మీద, చీలిన చర్మం మీద రాయకూడదు. ఆస్పిరిన్ రకం మందులు పడనివాళ్లకు జెల్ కూడా పనికిరాదు.

## నెలసరి, గర్భం, పాలిచ్చే తల్లులు

నెలసరి నొప్పికి ఎప్పుడు వేసుకుంటే బాగా పనిచేస్తుంది?

నొప్పి ముదిరాక కాదు, మొదలవుతున్నట్టు అనిపించగానే. గర్భాశయం పొర ఊడేటప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు పెద్ద ఎత్తున విడుదలై కండరాన్ని మెలిపెడతాయి. అవి తయారు కాకముందే ఆపడం తేలిక. తేదీలు క్రమంగా వచ్చేవారు రక్తస్రావం మొదలయ్యే రోజు నుంచే 400 మి.గ్రా. చొప్పున, 8 గంటల ఎడంతో రెండు మూడు రోజులు వాడవచ్చు. ఇలా సరిగా వాడినా మూడు నెలలపాటు ఊరట లేకపోయినా, నొప్పి ఏటికేడు పెరుగుతున్నా ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం పొరలాంటిది దాని బయట పెరగడం) లాంటివి ఉన్నాయేమో చూపించుకోండి. నెలసరి నొప్పి భరించాల్సిందేనన్న మాట పట్టుకుని ఏళ్లు గడిపేయకండి.

గర్భంతో ఉన్నాను, తెలియక ఒకటి వేసుకున్నాను. బిడ్డకేమవుతుంది?

ఒక్క మాత్రకు కంగారు పడనక్కర్లేదు, ఇకపై వేసుకోకుండా మీ డాక్టర్‌కు చెప్పండి. 20 వారాలు దాటాక ఈ మందు బిడ్డ కిడ్నీల పనిని తగ్గించి ఉమ్మనీరు తగ్గేలా చేయవచ్చు. అందుకే 20 వారాల నుంచి వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో హెచ్చరించింది. 30 వారాల తర్వాత ఇంకో ప్రమాదం ఉంది. బిడ్డ పుట్టాక మూసుకోవాల్సిన డక్టస్ ఆర్టీరియోసస్ అనే గుండె దగ్గరి రక్తనాళం కడుపులో ఉండగానే మూసుకుపోవచ్చు. మొదటి నెలల్లోనూ డాక్టర్ చెబితే తప్ప వద్దు. గర్భంలో నొప్పికి, జ్వరానికి పారాసిటమాలే మొదటి మందు.

గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు కూడా దీన్ని రోజుల తరబడి వాడకపోవడం మంచిది. అండం విడుదల ఆలస్యం కావచ్చు. మందు మానేస్తే అది సర్దుకుంటుంది.

పాలిస్తున్నాను. వాడొచ్చా?

వాడొచ్చు. పాలలోకి చేరేది చాలా కొద్ది. కాన్పు తర్వాతి నొప్పులకు డాక్టర్లు తరచుగా ఇచ్చే మందుల్లో ఇదొకటి.

## పిల్లలకు

మా బాబుకు ఎన్ని మి.లీ. పట్టాలి?

వయసు కంటే బరువును బట్టి లెక్క కట్టడం మేలు. కిలోకు 5 నుంచి 10 మి.గ్రా. ఒక మోతాదు, 6 నుంచి 8 గంటల ఎడంతో. ఎక్కువగా దొరికే సిరప్‌లో 5 మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటుంది. 10 కిలోల బిడ్డకు గరిష్ఠంగా ఒకసారికి 100 మి.గ్రా., అంటే 5 మి.లీ. 15 కిలోలకు 7.5 మి.లీ. మూడు నెలల లోపు పసికందులకు పట్టకూడదు, ఆరు నెలల లోపు డాక్టర్ చెబితేనే.

ప్రమాదం ఎక్కువగా జరిగేది చుక్కల మందు దగ్గర. ఒక మి.లీ.కి 40 మి.గ్రా. ఉండే చిక్కటి చుక్కల మందును సిరప్ అనుకుని 5 మి.లీ. పడితే 200 మి.గ్రా. వెళ్తుంది, రెట్టింపు. సీసా మీద ఎన్ని మి.లీ.కి ఎన్ని మి.గ్రా. అన్నది ప్రతిసారీ చూడండి. వంటింటి చెంచాలన్నీ ఒకే కొలతవి కావు, సీసాతో వచ్చిన మూతో సిరంజీయో వాడండి. పోసే ముందు బాగా కుదపాలి, లేకపోతే మొదట్లో పలచటి మందు, చివర్లో చిక్కటి మందు వస్తుంది.

పారాసిటమాల్, ఇదీ మార్చి మార్చి పట్టమంటున్నారు. పట్టనా?

ముందు ఒకటే వాడండి. దానితో బిడ్డ బాధ తగ్గకపోతేనే రెండోది. మార్చి మార్చి పట్టేటప్పుడు అమ్మ ఒకటి, నాన్న ఒకటి, అమ్మమ్మ ఒకటి పట్టి లెక్క గల్లంతవుతుంది. తప్పదంటే ఏ మందు, ఎంత, ఎన్నింటికి అన్నది కాగితం మీద రాసి సీసా పక్కనే పెట్టండి. జ్వరం అంకెను మామూలుకు తేవడం కోసం మందు పట్టనక్కర్లేదు. బిడ్డ ఆడుకుంటూ, తాగుతూ ఉంటే 101 డిగ్రీలున్నా ఆగవచ్చు.

ఎప్పుడు అసలు పట్టకూడదు?

చికెన్‌పాక్స్ వచ్చినప్పుడు వద్దు. చర్మంలో లోతైన, ప్రమాదకరమైన ఇన్‌ఫెక్షన్లతో దీనికి సంబంధం కనిపించింది. వాంతులు, విరేచనాలతో బిడ్డ నీరసించి, మూత్రం తగ్గినప్పుడు కూడా వద్దు. పెద్దల కంటే పిల్లల ఒంట్లో నీరు వేగంగా తగ్గుతుంది, కిడ్నీలకు దెబ్బ తగులుతుంది.

## రోజుల తరబడి వాడుతున్నవారికి

సొంతంగా ఎన్ని రోజులు వాడొచ్చు?

జ్వరానికి 3 రోజులు, నొప్పికి 10 రోజులు దాటితే డాక్టర్‌కు చూపించుకోవాలి. ఇవి మాత్రల పెట్టెల మీద సాధారణంగా ఉండే గడువులు. నొప్పి పోయిన రోజే ఆపేయవచ్చు. యాంటీబయాటిక్‌లాగా కోర్సు పూర్తి చేయాల్సిన మందు కాదిది.

మోకాళ్ల నొప్పికి అమ్మ ఏళ్లుగా వాడుతోంది. ఏం పరీక్షలు చేయించాలి?

బీపీ, సీరమ్ క్రియాటినిన్, హిమోగ్లోబిన్. క్రియాటినిన్ కిడ్నీల కోసం. హిమోగ్లోబిన్ తగ్గుతుంటే కడుపులో కొద్దికొద్దిగా రక్తం పోతోందేమో అనుమానించాలి, ఎందుకంటే పెద్ద వయసువారిలో పుండు నొప్పి లేకుండానే కారుతుంది. కాళ్ల వాపు, ఆయాసం వస్తే గుండె సంగతి చూడాలి. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవారికి, కిడ్నీల పని బాగా తగ్గినవారికి ఈ మందు పనికిరాదు. తొడ కండరాల వ్యాయామం, బరువు తగ్గడం, జెల్ వీటితో మాత్రల సంఖ్య తగ్గించగలిగితే అదే పెద్ద లాభం.

గుండెపోటు వస్తుందని విన్నాను. నిజమా?

మోతాదును బట్టి, మనిషిని బట్టి. రోజుకు 2400 మి.గ్రా., ఆపైన వాడితే గుండెపోటు, పక్షవాతం ప్రమాదం కొద్దిగా పెరుగుతుందని, 1200 మి.గ్రా. వరకు అలాంటి పెరుగుదల కనిపించలేదని యూరప్ ఔషధ సంస్థ 2015లో తేల్చింది. అదే ఏడాది అమెరికా సంస్థ మొదటి వారాల్లోనే ప్రమాదం మొదలుకావచ్చని హెచ్చరికను కఠినం చేసింది. ఆరోగ్యంగా ఉన్న మనిషి పంటి నొప్పికి రెండు రోజులు వేసుకుంటే ఈ భయం పెట్టుకోనక్కర్లేదు. ఇప్పటికే గుండెజబ్బు ఉన్నవారి విషయం వేరు. బైపాస్ ఆపరేషన్ ముందూ వెనకా దీన్ని అస్సలు వాడకూడదు.

తలనొప్పికి తరచూ వేసుకుంటున్నాను, అయినా తలనొప్పి పెరుగుతోంది. ఎందుకు?

మాత్రల వల్లే కావచ్చు. నెలకు 15 రోజులు, అంతకంటే ఎక్కువ నొప్పి మాత్రలు మూడు నెలలకు పైగా వాడితే మందే తలనొప్పి తెప్పిస్తుంది. ఆపిన మొదటి రోజుల్లో నొప్పి ఇంకా పెరుగుతుంది, తర్వాత దిగుతుంది. క్యాలెండర్‌లో మాత్ర వేసుకున్న రోజులు గుర్తుపెట్టి డాక్టర్‌కు చూపించండి.

ఆపరేషన్ ఉంది. ఎప్పుడు ఆపాలి?

ఆస్పిరిన్ ప్రభావం ప్లేట్‌లెట్ల మీద రోజుల తరబడి ఉంటుంది. ఐబుప్రొఫెన్ ప్రభావం సాధారణంగా ఒక రోజులో పోతుంది. అయినా ఆపరేషన్‌ను బట్టి సర్జన్ ముందుగానే ఆపమనవచ్చు. పన్ను తీయించుకోవడానికి వెళ్లినా వాడుతున్న సంగతి చెప్పండి.

## ఏదైనా తేడా చేస్తే

ఏ లక్షణాలు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి?

మలం తారులాగా నల్లగా, జిగటగా పోవడం. కాఫీ పొడి రంగులో వాంతి, లేదా వాంతిలో రక్తం. ముఖం, పెదాలు, నాలుక వాయడం, పిల్లికూతలతో ఆయాసం. ఛాతీలో బరువు, మాట తడబడడం, ఒకవైపు చెయ్యీకాలూ పట్టు తప్పడం. నోట్లో, కళ్లలో పుండ్లతోపాటు చర్మం బొబ్బలెక్కి ఊడడం. వీటిలో ఏది కనిపించినా మాత్ర ఆపి, ఆ రోజే కాదు, ఆ గంటే వెళ్లాలి. ఐరన్ మాత్రలు వాడేవారిలో కూడా మలం నల్లగానే ఉంటుంది. కానీ తారులాంటి జిగట, దుర్వాసన, కళ్లు తిరగడం ఉంటే ఐరన్ అని సరిపెట్టుకోకండి.

మూత్రం బాగా తగ్గడం, కాళ్లు వాయడం కిడ్నీల నుంచి వచ్చే కబురు. మాత్ర ఆపి, ఒకటి రెండు రోజుల్లో క్రియాటినిన్ చేయించండి. త్వరగా ఆపితే చాలామందిలో కిడ్నీలు కోలుకుంటాయి.

పాప సీసా ఎత్తి తాగేసింది. ఏం చేయాలి?

వాంతి చేయించకండి, ఉప్పునీళ్లు తాగించకండి. సీసా చేత్తో పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. మందు ఎంత గాఢతది, సీసాలో ఎంత ఉండేది, ఎంత మిగిలింది, ఎన్నింటికి తాగింది అన్న నాలుగు ముక్కలు డాక్టర్‌కు కావాలి. కిలోకు 100 మి.గ్రా. లోపైతే సాధారణంగా వికారం, కడుపు నొప్పితో పోతుంది. కిలోకు 400 మి.గ్రా. దాటితే మగత, ఫిట్స్, రక్తంలో ఆమ్లం పెరగడం, కిడ్నీలు దెబ్బతినడం దాకా వెళ్లవచ్చు. దీనికి విరుగుడు మందు లేదు. మొదటి గంటలో చేరితే యాక్టివేటెడ్ చార్‌కోల్ అనే బొగ్గు పొడి ఇచ్చి మందు ఒంటికి పట్టకుండా కొంత ఆపవచ్చు.

మింగినది పారాసిటమాల్ కూడా కలిసిన బిళ్ల, సిరప్ అయితే ఆ సంగతి ముందే చెప్పండి. పారాసిటమాల్‌కు ఎన్-అసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది, మింగిన 8 గంటల లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. మొదటి రోజు మనిషి మామూలుగానే కనిపించి, రెండు మూడు రోజులకు కాలేయం దెబ్బతిన్న లక్షణాలు బయటపడతాయి. అందుకే బాగానే ఆడుకుంటోంది కదా అని ఇంట్లో ఆగకూడదు.